నీళ్లబుర్రకు బొట్టు లేదు

ఎండిన సొరకాయ మీద బొమ్మలు చెక్కే కళ పెరూలో ఉంది, నైజీరియాలో ఉంది, చైనాలో ఉంది. మన పక్కనే బస్తర్‌లో ఉంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేల మధ్య, మిరప తోటల మధ్య బతికిన జనం దగ్గర మాత్రం అది పెరగలేదు. సొరతీగకు ఇక్కడ కరువేమీ లేదు. పాక కప్పు మీదో దొడ్డి కంచె మీదో అది పాకని ఇల్లు ఒకప్పుడు అరుదు. ఎండిన బుర్రతో పనీ తక్కువేం కాదు. అందులో నీళ్లు పోసుకున్నారు, విత్తనాలు దాచుకున్నారు, ఈత నేర్చుకునే పిల్లవాడి నడుముకు కట్టి బావిలోకి దింపారు, తంబురా దండికి తొడిగారు. ఇంత చాకిరీ చేసిన బుర్ర మీద ఒక గీత, ఒక చుక్క ఎందుకు పడలేదు? గడపకు పసుపు, ఎద్దు కొమ్ముకు రంగు, ముంగిట్లో ముగ్గు లేకుండా పండగే చేసుకోని మనుషులు నీళ్లబుర్రను బోడిగా ఎందుకు వదిలేశారు?

ఈ ప్రశ్న ఇప్పుడు అడగడానికి కారణం ఉంది. నాలుగైదేళ్లుగా పట్టణాల్లో సొరబుర్ర దీపాలు, పక్షిగూళ్లు, గోడకు తగిలించే ముఖాలు చేయడం నేర్పే శిబిరాలు పెరిగాయి. రంగు డబ్బాలు, డ్రిల్లు మిషను, వార్నిషు అన్నీ వాళ్లే ఇస్తారు. చూడముచ్చటైన వస్తువులే తయారవుతున్నాయి. వాటికి తగిలించే చీటీ మీద మాత్రం ‘మన ప్రాచీన జానపద కళ’ అని ఉంటోంది. ఆ చీటీతోనే నాకు పేచీ. లేని వారసత్వాన్ని అంటగడితే ఉన్న వారసత్వం కంటికి ఆనదు. సొరబుర్ర విషయంలో మనకు ఉన్నది చిన్నదేమీ కాదు. కాకపోతే అది మనం వెతుకుతున్న చోట లేదు.

ముందు బుర్ర సంగతి. కూరకు కోసే లేత కాయ దీనికి పనికిరాదు. విత్తనానికి విడిచినట్టు తీగ మీదే ముదరనివ్వాలి. తొడిమ ఎండాలి, నూగు రాలాలి, గోరు గుచ్చితే దిగకూడదు. అప్పుడు కోసి పొయ్యి పైన అటక మీదనో, చూరుకిందనో పొగ తగిలేలా వేలాడదీసేవారు. ఆరే రోజుల్లో తొక్కకు బూజు పడుతుంది. నల్లగా, గోధుమరంగుగా మచ్చలు కడతాయి. కుళ్లిపోయిందనుకుని పారేసేది కొత్తవాళ్లే. తెలిసినవాళ్లు కదిలించి చూస్తారు. లోపల గింజలు గలగలమంటే ఆరినట్టు. ఆ మీదట మెడ దగ్గర కోసి, నీళ్లు పోసి నానబెడితే లోపలి పీచు వదులవుతుంది. ఇసుకో గులకరాళ్లో పోసి కుదిపి కుదిపి కడగాలి. నాలుక మీద వేసుకుంటే చేదు తగలకుండా పోయేదాకా నీళ్లు మార్చాలి. ఈ చేదుతో ఆటలొద్దు. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్ల సంగతి తేల్చడానికి భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేయాల్సి వచ్చింది.

ఇలా తయారైన బుర్రకు తాటినారతోనో జనపనారతోనో చిక్కం అల్లితే భుజానికి తగిలించుకోవచ్చు. కుండలా బరువుండదు, గట్టుకు తగిలితే పగిలిపోదు. గొర్రెల వెంట పోయేవాడికి, కలుపుకు పోయే మనిషికి ఇంతకంటే అనువైన పాత్ర ఆ రోజుల్లో లేదు. దాని మీద చేతిపని అంటూ ఏమైనా ఉందంటే ఆ చిక్కం ముడుల్లోనే ఉంది. పగ్గం పేనడం, ఉట్టి అల్లడం, ఎద్దు మూతికి చిక్కం కట్టడం తెలిసిన చేతులే దీన్నీ అల్లాయి. దాన్ని అలంకారమని ఎవరూ అనుకోలేదు. ముడి జారకపోతే చాలు.

బుర్ర కనుమరుగు కావడానికి ప్లాస్టిక్కే కారణమని తేల్చేస్తుంటారు. అది సగం నిజం. మిగతా సగం ఇంటి కప్పులో ఉంది. సొరతీగకు పందిరి వేసి పోషించిన వాళ్లకంటే తాటాకు కప్పు మీదికి ఎగబాకించి వదిలేసిన వాళ్లే ఎక్కువ. కప్పు మీద కాయకు కింద తడి తగలదు, చుట్టూ గాలి ఆడుతుంది, నాలుగైదు నెలలు అక్కడే ఉండిపోయినా అడ్డమనే వాళ్లుండరు. పాకలు పోయి శ్లాబులు వచ్చాక ఆ స్థలం పోయింది. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చాక అటక మీది పొగ పోయింది. అల్యూమినియం చెంబు, తర్వాత ప్లాస్టిక్ సీసా వచ్చేనాటికే బుర్రకు ఇంట్లో చోటు కరువైంది. ఇప్పుడు మిరప కోతల రోజుల్లో చేలగట్టు మీద కనిపించేది ఐదు లీటర్ల నూనె డబ్బా. దాని చుట్టూ గోనెగుడ్డ కుట్టి, తడిపి, చెట్టు నీడన పెడతారు. పాత్ర మారింది గానీ నీళ్లను చల్లగా ఉంచుకునే ఉపాయం మారలేదు. ఆ గోనెగుడ్డ మీదా బొమ్మలు లేవు.

బయటి దేశాల సంగతి కొంచెం చూస్తే మన సంగతి తేలికగా అర్థమవుతుంది. సొరకాయ పుట్టిల్లు ఆఫ్రికా. మట్టికుండ పుట్టని కాలంలోనే మనిషి దాన్ని పాత్రగా చేసుకున్నాడు. అమెరికా ఖండాల్లో పదివేల ఏళ్ల నాడే సొర ఉంది. అది సముద్రంలో తేలుకుంటూ ఆఫ్రికా నుంచే అక్కడికి చేరిందని 2014లో వెలువడిన జన్యు పరిశోధన చెప్పింది. పెరూ తీరంలో వాకా ప్రియెటా అనే దిబ్బను 1946లో పురావస్తు శాస్త్రవేత్త జూనియస్ బర్డ్ తవ్వినప్పుడు, మనిషి ముఖాలు చెక్కిన రెండు చిన్న బుర్రలు దొరికాయి. వాటి వయసు సుమారు నాలుగు వేల ఏళ్లు. అదే పెరూలో వాంకాయో పట్టణం దగ్గరి కోచాస్ గ్రామాల్లో ఇప్పటికీ ఇంటింటా ఉలి పట్టుకుని బుర్ర మీద పెళ్లి ఊరేగింపులు, కోతలు, జాతరలు చెక్కుతారు. అరచేతిలో పట్టే కాయ మీద ఊరంతా కనిపిస్తుంది. చైనాలో లాంజౌ నగరం పనివాళ్లు గుడ్డంత బుర్రల మీద సూదిమొనతో పద్యాలు రాస్తారు. పిందెగా ఉండగానే కాయను మట్టి అచ్చులో పెట్టి, అచ్చు ఆకారంలో పెరగనిచ్చే విద్య కూడా చైనావాళ్లదే. అలా పెంచిన బుర్రల్లో కీచురాళ్లను పెట్టి వాటి పాట వినడం అక్కడి రాజాస్థానాల్లో, కలవారి ఇళ్లల్లో ఒక సరదా.

ఉత్తర నైజీరియాలో, సహారా దిగువన పశువుల్ని మేపుకునే ఫులానీ ఆడవాళ్లు పాలు, పెరుగు అమ్మడానికి బుర్రగిన్నెలు నెత్తిన పెట్టుకుని సంతకు వస్తారు. ఆ గిన్నెల నిండా నగిషీ ఉంటుంది. పెళ్లికూతురు వెంట వచ్చిన బుర్రలను ఇంట్లో వరసగా పేర్చి నలుగురికీ చూపించడం అక్కడి మర్యాద. నా ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరికిందనుకుంటాను. నగిషీ పడిన బుర్రలన్నీ ఎవరో ఒకరు చూడటానికి పెట్టినవే: సంతలో కొనేవాళ్లు, పెళ్లింటి చుట్టాలు, దర్బారు అతిథులు. చేలో దప్పిక తీర్చే బుర్ర ఏ దేశంలోనైనా దాదాపు బోడిదే.

మన దగ్గర పెళ్లికూతురు వెంట వెళ్లినవి కంచు, ఇత్తడి. తర్వాతి కాలంలో స్టీలు. సారె గిన్నెల మీద ఇచ్చినవాళ్ల పేరు కొట్టించని ఇల్లు కోస్తాలో ఉండదు. పాత్రల కొట్టు ముందు చిన్న పీట మీద కూర్చుని, సన్నని మొన ఉన్న పనిముట్టుతో చుక్క పక్కన చుక్క పొడుస్తూ ‘చి.ల.సౌ.’ దగ్గర్నుంచి తారీకు దాకా రాసే మనిషిని ఎవరూ కళాకారుడని పిలవలేదు. పాత్ర మీద రాత రాయించుకోవాలన్న ఆశ ఈ మైదానం జనానికీ ఉందనడానికి మాత్రం ఆ గిన్నెలే సాక్ష్యం. అది లోహం మీదికి పోయింది. కొన్నాళ్లకు చివికిపోయే, డబ్బు పెట్టక్కర్లేని కాయ మీద పేరు కొట్టించుకోవాలని ఎవరికనిపిస్తుంది?

సొరబుర్ర మీద పాత గ్రంథాల చూపు కూడా ఇంచుమించు ఇలాంటిదే. సన్యాసి పట్టుకోదగిన పాత్రల్లో సొరబుర్ర, కొయ్య, మట్టి, వెదురు అని మనుస్మృతి లెక్కపెట్టింది. బౌద్ధుల వినయపిటకంలో దానికి తలకిందులైన నియమం ఉంది. బుర్ర పట్టుకుని భిక్షకు పోతే జనం వేరే మతాల సన్యాసులనుకుంటున్నారని, భిక్షువులు వాటిని వాడకూడదని బుద్ధుడు కట్టడి చేసినట్టు చుల్లవగ్గంలో ఉంది. జైన ఆగమాల్లో సొరబుర్ర పేరుతో ఒక అధ్యాయమే ఉంది. మట్టి పూతలు పూసి నీళ్లలో వేసిన బుర్ర మునిగిపోతుంది, పూత కరిగే కొద్దీ పైకి తేలుతుంది; కర్మ అంటిన జీవుడి గతీ అంతేనని దాని తాత్పర్యం. ముగ్గురికీ బుర్ర ఏమీ లేనివాడి పాత్ర. అలంకారం వద్దనుకున్నవాడి చేతిలో ఉన్న వస్తువుకు అలంకారం ఎక్కడి నుంచి వస్తుంది? ఇక శిల్పాల సంగతి చూస్తే, అమరావతి స్తూపం పలకల మీద వీణలు వాయించే మనుషులు చాలామంది ఉన్నారు. అవి విల్లులా వంగిన వీణలు. సొరబుర్ర తగిలించిన దండి వీణ శిల్పాలకెక్కడానికి ఇంకా కొన్ని శతాబ్దాలు పట్టింది.

సొరబుర్ర మీద తెలుగువాళ్ల కళ చూడాలంటే ఆ దండి వీణ దారినే పోవాలి.

కిన్నెర సంగతి చూడండి. వెదురు బొంగు దండి, దాని కింద మూడు ఎండు సొరబుర్రలు, నడిమిది పెద్దది. దండి మీద మెట్లు తేనెమైనంతో అతికించి ఉంటాయి. పాతకాలపు కిన్నెరలకు ఆ మెట్లు అలుగు పొలుసులు, తీగలు వెంట్రుకలో నరాలో. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్‌ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరంలో కిన్నరీ వీణ వర్ణన ఉంది. చిన్న కిన్నరికి రెండు బుర్రలు, పెద్దదానికి మూడు. మెట్లకు రాబందు ఎముకలు, అతకడానికి మైనం. ఏడు వందల ఏళ్లకు పైబడిన శాస్త్రగ్రంథంలోని వాద్యం ఊళ్లు తిరిగి కథలు చెప్పుకునేవాళ్ల భుజం మీద దాదాపు అదే రూపంలో బతకడం మామూలు సంగతి కాదు. శాస్త్రీయ కచేరీ దాన్ని ఎప్పుడో వదిలేసింది. అలా కథలు చెప్పే డక్కలివాళ్లు వదల్లేదు, నల్లమల చెంచులు వదల్లేదు.

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడతాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే భీమ్లా నాయక్ సినిమా పాటతో ఊరూరా తెలిశాడు. ఆయన చేతిలోని కిన్నెరను టీవీలో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: రంగురంగుల పూసలు, కుచ్చులు, బుర్రల మీద మెరుపులు. ఇక్కడ బుర్ర బోడిగా లేదు. వీధిలోకి వచ్చి నిలబడినవాడికి పాటకంటే ముందు కంటికి కనబడే వాద్యంతోనే గిరాకీ. పిల్లలు చుట్టూ చేరాలి, వాళ్ల వెనక పెద్దలు రావాలి, అప్పుడు కథ మొదలవ్వాలి. పూసలు తగిలించడం వాళ్లకు తీరిక వేళ సరదా పని కాదు, బతుకుతెరువులో భాగం.

అలుగు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. దాని పొలుసులతో కొత్త కిన్నెర కట్టడం ఇప్పుడు నేరం. మెట్లకు వేరే సరుకు వెతుక్కోక తప్పదు, వెతుక్కోవాలి కూడా. బుర్రకు మాత్రం ప్రత్యామ్నాయం అక్కర్లేదు, కాయలు పండిస్తే చాలు. ఆ కాయలే దొరకడం లేదు.

నల్లమల అవతలి అంచు నాగర్‌కర్నూల్ అయితే ఇవతలి అంచు ప్రకాశం వైపు దోర్నాల, యర్రగొండపాలెం. చెంచు గూడేలు రెండు పక్కలా ఉన్నాయి. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన పుస్తకం 1943లో వచ్చింది. కొన్ని వెదురు బుట్టలు, కొన్ని కుండలు, కొన్ని సొరబుర్రలు తప్ప పెద్దగా సామాను లేని ఇళ్లు అందులో కనిపిస్తాయి. నీళ్లకూ తేనెకూ బుర్రే. అక్కడ కూడా నీళ్లబుర్ర బోడిదే, పాటబుర్రకే సింగారం. మైదానంలో నేను చెబుతున్న తేడా అడవిలోనూ నిలబడిందంటే దాన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయలేం.

మైదానంలోకి దిగితే గుంటూరు జిల్లాకు సొరబుర్ర ఇచ్చిన పెద్ద కానుక బుర్రకథ. కథకుడి భుజం మీది తంబురాకు మొదట్లో ఎండిన సొరబుర్రే. తర్వాత కొయ్య, ఇత్తడి వచ్చాయి. కథకుడు ఒక చేత్తో తంబురా మీటుతూ, ఇంకో చేతి వేళ్లకు అందెలు తొడిగి గణగణలాడిస్తూ అడుగు వేస్తుంటే, ఇద్దరు వంతలు గుమ్మెటలతో తందానా అందుకుంటారు. తాడికొండ దగ్గరి పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను ప్రజానాట్యమండలి వేదికల మీదికి తెచ్చి, జంగాల, శారదకాండ్ర బాణీలకు రాజకీయం నేర్పాడు. నాజర్ పుట్టింది దూది ఏకే దూదేకుల ఇంట్లో. ఆయన ఆత్మకథ పేరే ‘పింజారి’. పత్తి నేల నుంచి, దూది ఏకే ఇంటి నుంచి వచ్చిన మనిషి భుజం మీదికి సొరబుర్ర చేరి పల్నాటి యుద్ధం పాడింది. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో నాజర్ పోయేనాటికి తంబురా బుర్ర పెయింటు పూసుకుని, వేదిక మీద మైకు ముందు నిలబడి ఉంది.

హరిదాసు తంబురా, బైరాగి ఏక్‌తార, పాములవాళ్ల నాగస్వరం కూడా ఈ వరసలోవే. నాగస్వరానికి బుర్ర పొట్టలోకే రెండు గొట్టాలు మైనంతో బిగిస్తారు. గవ్వలు, పూసలు దానికీ ఉండేవి. 1972 నాటి వన్యప్రాణి చట్టం పాములాటను ఆపేశాక ఆ బుర్ర కూడా మూగబోయింది. కచేరీ వీణల్లో సొరబుర్రకు పై చివర చిన్న చోటు మిగిలింది. బొబ్బిలి వీణ కడుపు పనసకొయ్య. దండి కొసన ఉండే రెండో బుర్రే ఒకప్పుడు నిజమైన సొరకాయ. ఇప్పుడు చాలావాటికి కాగితపు గుజ్జుతోనో ఫైబర్‌తోనో చేస్తున్నారు. నిజం బుర్రను ఇంకా వదలని చోట్లలో మహారాష్ట్రలోని మిరజ్ ఒకటి. అక్కడి తంబురాలకు, సితార్లకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాయలు పండరిపురం వైపు రైతులు పండిస్తారు. నానబెట్టిన బుర్రను కోసి, ఆకారం చెడకుండా లోపల పుల్లలు అడ్డుపెట్టి ఆరబెడతారు. బుర్ర, దండి కలిసే అతుకు కనిపించకుండా కొయ్యలో తమలపాకుల వరస చెక్కి తాపడం చేస్తారు. ఆ ఆకులు అందం కోసమే పెట్టినట్టుంటాయి. వాటి అసలు పని అతుకును గట్టిపరచడం.

ఇంతసేపూ బోడి బుర్ర, పాడే బుర్ర అని రెండే చెప్పాను. మూడోది గుంటూరు, ఒంగోలు వీధుల్లో ఈ పూట కూడా కనిపిస్తుంది. దాన్ని ఎవరూ కళ కింద లెక్కగట్టరు గనుక సమీక్షల్లోకి రాదు. దిష్టి గుమ్మడికాయ. తెల్లగా బూడిద పట్టిన గుమ్మడికాయను కడక్కుండా తెచ్చి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, తాడు ఉట్టిలో పెట్టి గుమ్మానికి ఎదురుగా వేలాడదీస్తారు. కట్టుబడి సాగుతున్న ఇంటికైతే కళ్లు, కోరమీసం, బయటికి చాచిన నాలుక గీస్తారు. కొట్లవాళ్లు నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు కూడా గుచ్చుతారు. మిరప పండే నేల గనుక వాటికి ఇక్కడ కొదవ లేదు. కాయ కుళ్లితే దిష్టి అది లాక్కున్నట్టు. అమావాస్యకు కొత్తది కడతారు. సినిమావాళ్లు షూటింగ్ పూర్తయిన రోజున కొట్టేదీ, ఆయుధపూజనాడు లారీ ముందు పగిలేదీ ఈ కుటుంబంలోని కాయలే. చేలో కర్రకు బోర్లించిన నల్లకుండకు సున్నం బొట్లు పెట్టే చేయి, గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు గుచ్చే చేయి, ఈ గుమ్మడికి మీసం గీసే చేయి ఒకటే.

ఈ మైదానంలో కాయ మీద వేసిన బొమ్మ నిలవడానికి వేసింది కాదు. అది కుళ్లాలి, పగలాలి. ముగ్గు పొద్దున వేస్తే సాయంత్రానికి తొక్కుడు పడుతుంది. మర్నాడు మళ్లీ వేస్తారు. నిలవాల్సిన పని రాతికి అప్పగించారు: పల్నాడు దుర్గిలో శిల్పులు రాయి చెక్కుతారు, మార్కాపురంలో పలకలు కోస్తారు. నూలు మంగళగిరి, చీరాల మగ్గాలకు వెళ్లింది. కోటప్పకొండ తిరనాళ్లకు ఊళ్లు పోటీలు పడి కట్టే ప్రభలు చూసినవాడెవడూ ఇక్కడి జనానికి అలంకారం చేతకాదనడు.

ఎందుకిలా అనేదానికి రెండు జవాబులు తరచు వినిపిస్తాయి. ఒకటి, ప్రతి ఊళ్లో కుమ్మరి ఉన్నాడు గనుక బుర్ర అవసరం రెండో తరగతిదని. ఇది సరిగా లేదు. కుమ్మరి కుండ మీద కూడా మనవాళ్లు పెద్దగా బొమ్మలు వేయలేదు. పెళ్లి కూరాడు కుండలు, అరివేణి కుండలు తప్ప. వాటికి సున్నం, జాజు పూసి గీతలు పెట్టింది కూడా నలుగురూ చూసే పందిట్లో ఉంచడానికే. రెండోది, కులవృత్తుల వాదన. కొయ్యకు వడ్రంగి, లోహానికి కంసాలి, వెదురుకు మేదరి ఉన్నారు. కప్పు మీద ఊరికే కాసే సొరకాయ ఎవరి మిరాశీ కాదు. ఎవరి వృత్తీ కానిదాన్ని ఎవరు మెరుగు దిద్దుతారు? ఇందులో బలం ఉంది. ఐతే ముగ్గు కూడా ఎవరి కులవృత్తీ కాదు. పొద్దున్నే ఆడవాళ్లు వేశారు, వందల రకాలుగా పెంచారు. కాబట్టి ఇదొక్కటే సరిపోదు. నాకు తోచింది ఇది: ఆడవాళ్ల చేతి అలంకారం గడపకు, గోడకు, తులసికోటకు, పశువుకు వెళ్లింది. ఇంటి హద్దు దాటి ఎండలోకి పోయే కూలిమనిషి పాత్రకు పూజా లేదు, ప్రదర్శనా లేదు. అలాంటి పాత్ర భిక్షుక గాయకుడి చేతికి పోయినప్పుడు దానికి చూసేవాళ్లు దొరికారు. వాళ్లతోపాటే పూసలూ వచ్చాయి.

బస్తర్ సంగతి వేరు. అక్కడ ఎర్రగా కాల్చిన కత్తిమొనతో బుర్ర మీద జింకల్ని, చెట్లని, గళ్లని, సుడులని కాలుస్తారు. తూమా పని అంటారు. ప్రళయం వచ్చినప్పుడు అన్నాచెల్లెళ్లు సొరబుర్రలో దాక్కుని బతికి మళ్లీ మనుషుల్ని కన్నారనే కథలు ఆ ప్రాంతపు గోండుల్లో ఉన్నాయి. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1949 నాటి పుస్తకంలో వాటిని అచ్చువేశాడు. మనుషులకు తొలి ఇల్లు సొరబుర్ర అయినచోట దాని పెంకు మీద లోకాన్ని గీయడం సహజం. ఐనా ఇప్పుడు ఆ దీపాలు ఢిల్లీ, హైదరాబాద్ మేళాల గిరాకీతో నిలబడుతున్నాయి తప్ప ఊరి వాడకంతో కాదు. మైసూరులో కృషికళ అనే సంస్థ దేశవాళీ సొర రకాలు పండించి, ఆడవాళ్లకు పని నేర్పి బుర్రలతో వస్తువులు చేయిస్తోంది. అది కొత్త పని. వాళ్లు విత్తనం దగ్గర మొదలుపెట్టారు. మన శిబిరాలు రంగు దగ్గర మొదలుపెడుతున్నాయి. రెంటికీ మధ్య దూరం అదే.

గుంటూరులోనో ఒంగోలులోనో ఎవరైనా ఈ పని తలపెడితే సొరబుర్ర మీద వార్లీ బొమ్మలు వేయొద్దని నేననను. వేసుకోనీ, అమ్ముకోనీ. ‘ప్రాచీన’ అన్న మాట తీసేసి, ‘కొత్తది’ అని రాసినంత మాత్రాన దాని ధర పడిపోదు. ప్రభుత్వం డబ్బు, విశ్వవిద్యాలయం డబ్బు పెట్టే పనైతే మాత్రం ముందు వెళ్లాల్సింది కిన్నెర కట్టేవాళ్ల దగ్గరికి, తంబురా చేసేవాళ్ల దగ్గరికి. పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు జానపద, ఆదివాసీ వాద్యాలను ఊరూరా తిరిగి సేకరించి ప్రదర్శనలు పెట్టారు. ఆ సేకరణలో చూస్తే తెలుగు నేల మీద సొరబుర్ర ఎన్ని గొంతులతో పలికిందో తెలుస్తుంది. అద్దాల పెట్టెలో ఉన్న వాద్యానికి పక్కనే దాన్ని కట్టే విధానం, మైనం పాళ్లు, మెట్టు దూరాలు రాసి పెట్టాలి. కట్టేవాడికి కూలి ఇచ్చి, కుర్రవాడొకడిని పక్కన కూర్చోబెట్టాలి. చట్టం ఒప్పని పొలుసుకు, ఎముకకు బదులు ఏది అదే నాదం ఇస్తుందో ఆయన చేతనే తేల్పించాలి.

దీనికంతటికీ కింద విత్తనం ఉంది. బజారులో దొరికే సంకరజాతి సొర పొడుగ్గా, పలచటి తోలుతో ఉంటుంది; కూరకు అదే మంచిది. ఆరబెడితే నొక్కుకుపోతుంది. మందపాటి పెంకున్న గుండ్రటి రకాలు, కమండలం సొర లాంటివి విత్తనాలు దాచే కొద్దిమంది దగ్గరే మిగిలాయి. తొలకరిలో కంచె వెంట నాటితే సంక్రాంతి దాటాక గానీ బుర్ర చేతికి రాదు. పువ్వు పూసిన రెండు వారాలకు లేత కాయ కోసి అమ్ముకుంటే ఆ రోజే డబ్బు. దాన్ని వదిలి, నాలుగు నెలలు తీగ మీదే ముదరబెట్టి, సగం కాయలు పురుగుకూ వానకూ పోగా మిగిలినవి ఆరబెట్టి ఇవ్వమంటే, ఎకరం మిరపకు లక్షలు పెట్టుబడి పెడుతున్న రైతు కంచె మీది తీగకు ఎంత అడుగుతాడు, అది ఎవరిస్తారు? శిబిరం పెట్టేవాళ్లు రంగులు కొనేముందు ఆ లెక్క వేసుకోవాలి.